అడగకుండా నింపిన ఏడు వరుసలు

ఈ ఆదివారం నేను చేసిన తప్పును ముందే చెప్పేస్తాను. చివర్లో చెబుదామని దాచుకుంటే, రాస్తూ రాస్తూ దానికి ఏదో ఒక సాకు దొరికించుకుంటానని నా మీద నాకే అనుమానం. ఎమ్మిగనూరులో ఎస్తేరమ్మ అనే మనిషి ఉంది. ఆమె ఒంట్లో ఎలా ఉందో ఆమెను అడగకుండా, ఆదోనిలో మా ఇంట్లో ఫ్యాను కింద కూర్చుని, ఆమె మందుల డైరీలో వారం రోజులకు ఏడు వరుసలు నేనే నింపాను. వాంతి: లేదు. ఆకలి: బాగుంది. ఆయాసం: మామూలు. ఫోటో తీసి ఆసుపత్రికి పంపాను. ఆ సమయానికి ఆమె కళ్ళు పచ్చబడి, గంజి కూడా కడుపులో నిలవక, రంగప్ప వస్తే చెప్పుకుందామని గడప దగ్గర కూర్చుని నా కోసం చూస్తోంది.

ఆ రంగప్పను నేనే. ఆదోనిలో ఒక పత్తి జిన్నింగు మిల్లులో ముప్పై ఏళ్ళు గుమాస్తాగా చేశాను. నాకూ ఎస్తేరమ్మకూ బంధుత్వం లేదు, ఒకే జబ్బు ఉంది. ఊపిరితిత్తుల్లో మచ్చలు పడి గట్టిపడిపోయే జబ్బు.

నాకు రెండేళ్ళ కిందట, పత్తి లారీలు మిల్లు గేటు బయట బారులు తీరే రోజుల్లో మొదలైంది. పొడి దగ్గు. కఫం లేదు, జ్వరం లేదు. మిల్లులో చేసేవాడికి దగ్గు రావడం వింత కాదు గనుక ఎవరూ పట్టించుకోలేదు. నేను అందరికన్నా తక్కువ పట్టించుకున్నాను. బీడీలు మానమని నా భార్య సుంకమ్మ పోరితే మానేశానని చెప్పి, కాటా వెనక నిలబడి కాల్చేవాణ్ణి.

ఎండాకాలం వచ్చేసరికి మిద్దె మీదికి పోయి నీళ్ళ ట్యాంకు చూసి రావాలంటే మెట్ల మధ్యలో ఒకసారి కూర్చోవలసి వచ్చింది. ఒక డాక్టరు ఎలర్జీ అన్నాడు. ఇంకొకాయన ఎక్స్‌రే చూసి టీబీ కావచ్చని ఆరు నెలలు మాత్రలు రాశాడు. ఆ ఆరు నెలలూ ఇంట్లో నా గ్లాసు, నా కంచం వేరు. వేరు చేసింది నేనే. చేసి, నన్ను వేరుగా చూస్తున్నారని సుంకమ్మ మీద అలిగింది కూడా నేనే. మాత్రలు అయిపోయాయి గాని దగ్గు అయిపోలేదు.

ఆ మీదట కర్నూలు. అక్కడి పెద్దాసుపత్రుల్లో ఒకదానికి వెళ్ళాం. స్కానింగు చూసిన డాక్టరు గారు నిదానస్తుడు. "పుండు మానినచోట తోలు గట్టిపడుతుంది చూడండి, అట్లా లోపల గట్టిపడింది. గట్టిపడింది తిరిగి మెత్తబడదు. మిగిలినదాన్ని కాపాడుకోవాలి" అన్నాడు.

"ఎందుకొచ్చింది సార్?"

"చెప్పలేం."

ఈ 'చెప్పలేం' దగ్గర నాకు ఒళ్ళు మండింది. ఇంత పెద్ద యంత్రంలో పడుకోబెట్టి, ఊపిరి బిగబట్టమని, వదలమని, మళ్ళీ బిగబట్టమని, చివరకు చెప్పలేరట. మీ చుట్టుపక్కల పావురాలున్నాయా అని ముగ్గురు అడిగారు. మిల్లు షెడ్డులో ఉన్నాయంటే ముగ్గురూ రాసుకున్నారు. ఒక్కరూ ఆ తర్వాత ఆ మాట ఎత్తలేదు. బంధువుల్లో మాత్రం కారణం తెలియనివాళ్ళు లేరు. హాలహర్వి నుంచి పలకరించడానికి వచ్చిన మా బావమరిది కూర్చోకముందే మొదలుపెట్టాడు.

"దూది లోపల ఉండ కట్టింటాది బావా. దినామూ ఇంత బెల్లం తింటే జారిపోతాది."

"చక్కెర జబ్బు కూడా ఉంది నాకు."

"అయితే తాటిబెల్లం తిను."

ఆసుపత్రిలో వేచి ఉండే గది గురించి రాయాలంటే ఇప్పటికీ చిరాకే. వరుసగా బిగించిన ఇనప కుర్చీలు. సౌండు లేని టీవీ. పొద్దున ఎనిమిదికి రమ్మని పన్నెండుకు పిలుస్తారు. టీ తాగడానికి లేస్తే సరిగ్గా అప్పుడే పిలుస్తారు. చుట్టూ అందరూ దగ్గుతుంటారు. ఎవరి దగ్గు ఎంత ముదిరిందో విని పోల్చుకునే దుర్బుద్ధి ఒకటి పుడుతుంది అక్కడ. నాకన్నా గట్టిగా దగ్గేవాడు కనిపిస్తే లోపల కాస్త ధైర్యం వచ్చేది. సిగ్గుపడాల్సిన మాటే, కానీ నిజం.

ఆ గదిలోనే ఒకరోజు కోఆర్డినేటర్ మేడమ్ వచ్చి మా పక్కన కూర్చుంది. ముప్పై ఏళ్ళుంటాయి, మెడలో తాడుకు కార్డు. ఈ జబ్బుకు కొత్త మందు ఒకటి పరిశోధనలో ఉందని, మచ్చలు పెరగడాన్ని అది నెమ్మదింపజేస్తుందేమో చూస్తున్నారని, మేము ఒప్పుకుంటే చేర్చుకుంటారని చెప్పింది. కొందరికి అసలు మందున్న గొట్టం మాత్రలు, కొందరికి అచ్చం అలాగే కనిపించే, మందు లేని ఉత్త గొట్టాలు ఇస్తారట. ఎవరికి ఏది ఇచ్చారో మాకూ తెలియదు, డాక్టరుకూ తెలియదు.

సుంకమ్మ అంతా విని అడిగింది. "అంటే మా యప్ప మింగేది మందో పిండో మీకూ తెల్దా?"

"తెలియదమ్మా. అట్లా ఉంటేనే పరీక్ష సరిగ్గా జరుగుతుంది."

"పిండి మింగేదానికి కర్నూలు దాంక రావల్నా? మా ఇంట్లో జొన్నపిండి ల్యాదా?"

మేడమ్ నవ్వింది గానీ దాచకుండా జవాబిచ్చింది. మిగతా వైద్యం ఆగదని, వాంతులు, విరేచనాలు, ఆకలి పోవడం, కాలేయం దెబ్బతినడం లాంటివి రావచ్చని, ఎప్పుడు కావాలంటే అప్పుడు మానుకోవచ్చని చెప్పింది. ఆమె చెప్పినవాటిలో నేను చెవిన పెట్టింది ఒకటే: డాక్టరు ఫోనులో అందుబాటులో ఉంటాడు. సంతకం పెట్టాను.

చేరిన రోజున వరండాలో ఆరు నిమిషాలు నడిపించారు. వేలికి క్లిప్పు పెట్టి, అటునుంచి ఇటు, ఇటునుంచి అటు. నేను బాగున్నానని చూపించుకోవాలని జోరుగా నడిచాను. నాలుగో నిమిషానికి కళ్ళు చీకట్లు కమ్మాయి. ఒక ఆయమ్మ పరుగున కుర్చీ తెచ్చి వెనక పెట్టి, ఏమీ అనకుండా వీపు మీద చెయ్యి వేసి నిలబడింది. ఆ చెయ్యి నాకు ఇప్పటికీ గుర్తుంది. నా తర్వాత వంతు కోసం గోడకానుకుని నిలబడ్డ ఒక సన్నటి మనిషి నన్ను చూసి అంది:

"అట్ల ఉరుకుతావేమన్నా? వాళ్ళేమన్నా మనల్ని పందెంలో దించినారా?"

ఆమే ఎస్తేరమ్మ. ఎమ్మిగనూరు చివర పేటలో ఉంటుంది. పత్తి తీయడానికి, వేరుశనగ పీకడానికి కూలికి పోయేది. కొడుకు బెంగళూరులో కట్టడం పనికి పోతే, కోడలు రూతు ఆమెను చూసుకుంటుంది. ఆదోని నుంచి కర్నూలు పోయే బస్సు ఎమ్మిగనూరు మీదుగానే పోతుంది గనుక ఆ రోజు నుంచి మేము కలిసి తిరిగాం. కోడుమూరు దాటేదాకా ఆమె చర్చి సంగతులు చెప్పేది, ఆ తర్వాత ఇద్దరం దగ్గుతూ పోయేవాళ్ళం.

మూడు నెలలకొకసారి కర్నూలు, నెలకొకసారి రక్తపరీక్ష. వీటి మధ్యలో డైరీ. రోజుకొక వరుస. గొట్టాలు ఏ వేళకు మింగాం, దగ్గు, ఆయాసం, వాంతి, ఆకలి, విరేచనాలు. ఆదివారం నాడు వారం పేజీని ఫోటో తీసి మేడమ్‌కు పంపాలి. ఎస్తేరమ్మకు చదువు రాదు. "నేను రాసిపెడతాలే" అన్నాను. రూతు ఏడో తరగతి దాకా చదివిందని తర్వాత తెలిసింది. తెలిశాక కూడా పుస్తకం ఆమె చేతికివ్వలేదు. పెన్ను నా చేతిలో ఉండటం నాకిష్టం. జబ్బుతో ఉద్యోగం పోయిన గుమాస్తాకు ఒక పుస్తకం దొరికింది.

మొదటి నెల నిజమే రాశాను. నాలుగుసార్లు విరేచనాలని రాస్తే ఆ సాయంత్రమే మేడమ్ ఫోను. ఏం తిన్నారు, ఎప్పుడు, రంగెట్లా ఉంది, జ్వరముందా. మరుసటి రోజు రక్తం ఇమ్మంది. గొట్టాలు తగ్గించింది. నేను విసిగిపోయాను. అదే సమయంలో మాతోపాటు వచ్చే కోడుమూరు మనిషిని రక్తంలో ఏదో తేడా వచ్చిందని స్టడీలోంచి తీసేశారు. ఆయన మంచికే తీశారు. మాకు మాత్రం పనిలోంచి తీసేసినట్టు అనిపించింది. బస్సులో ఎస్తేరమ్మతో నేనే అన్నాను.

"చిన్న చిన్నవన్నీ చెప్పుకుంటూ పోతే మనల్ని కూడా తీసేస్తారు. నేను రాసేది నేను రాస్తాను, నువ్వు ఊరికే ఉండు."

"అబద్ధమాడితే దేవుడు మెచ్చడన్నా."

"అబద్ధం కాదు. క్లుప్తంగా రాయడం."

ఇక్కడ మా మిల్లు పని గురించి చెప్పాలి. లోపలికొచ్చే ప్రతి లారీ పత్తిలో తేమ ఎంతుందో మీటరు గుచ్చి చూసి రిజిస్టరులో రాయాలి. సీజన్లో ఎవడు గుచ్చుతాడు? చేత్తో పట్టుకుని చూసి వదిలేసేవాళ్ళం. తనిఖీకి వస్తున్నారని తెలిస్తే ఒక సాయంత్రం కూర్చుని నెల మొత్తం నింపేవాణ్ణి. అందులో నాకు పేరుంది. అన్నీ ఒకే అంకె ఉంటే దొరికిపోతాం, కాస్త హెచ్చుతగ్గులు వేయాలి. ఒకే పెన్ను వాడకూడదు, నాలుగు వరుసలు నీలం, రెండు నలుపు. ఒకటి రెండు చోట్ల కొట్టేసి పైన దిద్దితే చూసేవాడికి నమ్మకం కుదురుతుంది. ముప్పై ఏళ్ళలో ఒక్క తనిఖీలోనూ నా రిజిస్టరు మీద వేలు పెట్టినవాడు లేడు.

ఆ విద్యనే తెచ్చి ఈ డైరీలో పెట్టాను. మొదట నా పుస్తకంలో, తర్వాత ఆమె పుస్తకంలో. వారం వారం ఎమ్మిగనూరు పోయి, చర్చి విడిచాక ఆమె ఇంటి ముందర కూర్చుని, "ఏమన్నా ఉందా?" అని అడిగి, ఆమె నోరు తెరిచేలోపే 'లేదు' అని రాసేవాణ్ణి. ఆమె దగ్గరుంటే పుస్తకం పాడవుతుందని నా దగ్గరే పెట్టుకున్నాను. నాలుగు నెలలు అట్లాగే గడిచాయి.

ఇక ఈ ఆదివారం. పొద్దున్నే ఎండ చుర్రుమంటోంది. బస్సుకు పోవాలని చొక్కా వేసుకున్నాను. స్నానానికే ఆయాసం వచ్చి, గుండీలు పెట్టుకుంటూ మంచం మీద కూర్చుండిపోయాను. సుంకమ్మ చూసింది.

"ఇట్లుండి యాడికి పోతావు? ఆయమ్మకు ఫోన్ చేసి అడగరాదా?"

"ఫోనులో ఇవన్నీ కుదరవు. నీకు తెలియదు ఊరుకో."

"నాకేం తెల్దులే. తెలిసినోడివి కదా, కూసోని దగ్గు."

కోపం వచ్చింది. ఆ కోపంలోనే రెండు పెన్నులు తీసి ఎస్తేరమ్మ పుస్తకం ముందేసుకున్నాను. పది నిమిషాల పని. పన్నెండింటికి పంపాను. మేడమ్ నుంచి బొటనవేలు బొమ్మ వచ్చింది. అన్నం తిని పడుకున్నాను.

మూడింటికి రూతు ఫోను.

"మామా, ఎప్పుడొస్తావు? అత్త పొద్దున్నించీ నీకోసరమే కూసోనుంది. కండ్లు పచ్చగైనాయి మామా. ఐదు దినాల్నించి ఏం తిన్నా కక్కుతాంది. ఆస్పత్రికి పోదాం రా అత్తా అంటే, రంగప్పన్న వస్తాడు, ఆయప్పకు సెప్తే మేడమ్‌కు పోతాది అంటాది."

"గొట్టాలు మింగుతోందా?"

"తప్పకుండా మింగుతాంది. ఒకటి తప్పినా నువ్వు రాస్తావని."

ఫోను పెట్టేసి కూర్చున్నాను. ఆ తర్వాత గడిచిన పది నిమిషాల గురించి రాయడం అన్నిటికన్నా కష్టం. ఆమె గురించి కాదు, పంపిన ఫోటోను తీసేయవచ్చా అని ఆలోచించాను. మేడమ్ చూసేసింది కదా. చూశాక తీసేస్తే అడుగుతుంది. రేపు పోయి, ఈరోజే మొదలైందని చెబితే సరిపోతుందా? ఇలా లెక్కలు వేస్తుంటే సుంకమ్మ వచ్చి నా ఎదురుగా నిలబడింది. రూతు మాటలు వంటింట్లోకి వినబడ్డాయి.

"ఏమప్పా, ఫోన్ చేస్తావా, నన్ను చేయమంటావా?"

చేశాను. "మేడమ్, ఎస్తేరమ్మ పేజీ నేను అడగకుండా రాశాను. అంతా తప్పు" అన్నాను. ఆమె తిట్టలేదు. "గొట్టాలు వెంటనే ఆపమని చెప్పండి. సాయంత్రంలోపు ఇక్కడికి తీసుకురండి. మిగతావి తర్వాత" అంది.

ఎమ్మిగనూరు పోయి, అక్కడ కారు మాట్లాడుకుని, ఎస్తేరమ్మను రూతు ఒళ్ళో పడుకోబెట్టుకుని కర్నూలు చేరేసరికి పొద్దు వాలింది. దారిలో రెండుసార్లు కారు ఆపాల్సి వచ్చింది. ఆమె నా వైపు చూసి, "నీకు శ్రమ ఇచ్చినానన్నా" అంది. దగ్గు వచ్చినట్టు తల అటు తిప్పుకున్నాను.

సోమవారం డాక్టరు గారు నన్ను లోపలికి పిలిచాడు. కాలేయం గట్టిగానే దెబ్బతిందని, ఇంకో వారం అట్లాగే మింగి ఉంటే తన చేతిలో ఏమీ ఉండేది కాదని చెప్పాడు. నేను క్షమించమన్నాను.

"నన్నెందుకండీ అడగడం? రంగప్ప గారూ, ఈ మందు ఏం చేస్తుందో మాకు తెలియదు. తెలియదు కాబట్టే మిమ్మల్ని అడుగుతున్నాం. మీరు 'వాంతి లేదు' అని రాస్తే, ఈ మందుకు వాంతులు కావని మేం నమ్ముతాం. నమ్మి, ఇంకో ఊళ్ళో ఇంకో ఎస్తేరమ్మకు ఇస్తాం."

డాక్టర్లు ఏమీ చెప్పరని రెండేళ్ళుగా విసుక్కుంటున్నవాణ్ణి. వాళ్ళు చెప్పడానికి కావలసింది నా చేతిలోనే పెడితే దాన్ని నేను చేసింది ఇది.

నన్ను స్టడీలో ఉంచాలా వద్దా అన్నది తానొక్కడే తేల్చేది కాదని, పైన ఒక కమిటీ ఉందని చెప్పాడు. ఎస్తేరమ్మకు మాత్రం ఆ గొట్టాలు ఇక లేవు. దగ్గుకు, ఆయాసానికి మామూలు మందులు ఇస్తూ చూస్తామన్నాడు.

మంగళవారం పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా మేడమ్ గదిలో కూర్చుని రెండు పుస్తకాలూ ముందేసుకున్నాను. నాలుగు నెలల వరుసలు. అడిగి రాసిందేదో, అడగకుండా రాసిందేదో నాకు తప్ప ఎవరికీ తెలియదు. దొంగ వరుస వచ్చినచోటల్లా, అక్షరాలు కనబడేలా ఒకే ఒక గీత అడ్డంగా కొట్టి, పక్కన 'రోగిని అడగకుండా రాశాను' అని రాసి సంతకం, తేదీ వేశాను. రుద్దకూడదు, తెల్లరంగు పూయకూడదు అని మేడమ్ చెప్పింది. మొదటి నెల పోను, ఎస్తేరమ్మ పుస్తకంలో కొట్టేయని వరుసలు వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని మిగిలాయి. నా పుస్తకంలోనూ దాదాపు అంతే.

ఆ తర్వాత వార్డులోకి పోయి ఎస్తేరమ్మకు చెప్పాను. అప్పటిదాకా ఆమెకు తెలియదు. సెలైను ఎక్కుతున్న చెయ్యి కదపకుండా పడుకుని అంతా విన్నది. ఆ తర్వాత అడిగింది:

"కక్కింది నేను. ల్యాదని రాసింది నువ్వు. నా కడుపు సంగతి నన్నడక్కుండా నీకెట్ల తెలిసెనన్నా?"

"తెలియలేదమ్మా. తప్పు చేశాను."

"తప్పే. పెద్ద తప్పే. నువ్వే దిక్కనుకుంటి కదన్నా." అటు తిరిగి పడుకుంది. రూతు నన్ను బయటికి పొమ్మనలేదు, కూర్చోమనీ అనలేదు. కాసేపు నిలబడి వచ్చేశాను.

ఈరోజు బుధవారం. పొద్దున ఎస్తేరమ్మ రెండు చెంచాల గంజి తాగింది, నిలిచింది. కళ్ళలో పచ్చదనం కాస్త తగ్గిందని నర్సు అంది. మందు ఆపినా ఇంకొన్నాళ్ళు ఆమె డైరీ రాయాలట. మేడమ్‌ను అడిగి, పుస్తకాన్నీ పెన్నునూ రూతు చేతికిచ్చాను.

"నాకు రాసే అలవాటు తప్పిపాయ మామా. ఒత్తులు గుర్తుల్యా."

"ఒత్తులు లేకపోయినా ఫరవాలేదు. ఆమె చెప్పింది రాయి."

రూతు మంచం అంచున కూర్చుని ఒక్కొక్కటే అడిగింది. "అత్తా, నిన్న ఎన్నిమార్లు కక్కితివి?" "రెండు. కాదు, తెల్లారకముందే మబ్బుతో లేసినప్పుడు ఇంకోటి, మూడు." "ఆకలి?" "గంజి వాసన మంచిగనిపిచ్చె." అదెక్కడ రాయాలో తెలియక రూతు నా వైపు చూసింది. అన్నట్టే రాయమన్నాను. ఒక వరుసకు అరగంట పట్టింది. మధ్యలో నాలుగుసార్లు నా చెయ్యి పెన్ను కోసం లేచింది. రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను.

అయిపోయాక రూతు, "నీ బుక్కు యాడుంది మామా? అదీ ఇటియ్యి" అంది. నేను రాసుకుంటాలే అనబోయాను. ఎస్తేరమ్మ మంచం మీద నుంచే, "ఇయ్యన్నా. అది అడుగుతాది, నువ్వు సెప్పు" అంది. నిన్నటి తర్వాత ఆమె నాతో అన్న మొదటి మాట అది.

ఇచ్చాను. రూతు అడిగింది, నేను చెప్పాను. స్నానం చేసి చొక్కా తొడుక్కునేసరికి మంచం మీద కూర్చోవలసి వస్తోందని, ఇది నాలుగు నెలల నుంచి ఉందని, మిద్దె మెట్లు ఎక్కడం మానేశానని, ఆకలి లేదని, పంచె నడుం దగ్గర వదులైందని. భయంగా ఉందని కూడా చెప్పాను. దానికి గడి లేదని రూతు పక్కన ఖాళీలో రాసింది.

ఆ పేజీ చూస్తే నన్ను స్టడీలోంచి తీసేయవచ్చు. కింద సంతకం పెట్టి మేడమ్‌కు పంపాను.